దీనదయాళుని పటములు: ప్రశస్తియు, ఎల్లలును

దానశాసనమున మొదటిభాగము రాజప్రశస్తి. వంశవర్ణనమును, బిరుదావళియు, జయపరంపరయు అందుండును. తుదిభాగమున దత్తభూమి యెల్లలు చెప్పబడును: తూర్పున చింతచెట్టు, దక్షిణమున పుట్ట, పడమట తెరువు, ఉత్తరమున చెరువుకట్ట. వ్రాయించినవాని యభిమానమంతయు ప్రశస్తియందే. కాని నాటి పల్లె యెట్లుండెనో తెలియగోరువాడు ఎల్లలనే ముందుగా చదువును. లాలా దీనదయాళుడు తీసిన హైదరాబాదు ఛాయాచిత్రములను మెచ్చుకొనువారు పెక్కురు ప్రశస్తికడనే నిలిచిపోవుచున్నారు. ఆ పటములకు ఎల్లలు కూడ గలవు.

దీనదయాళుడు 1844లో మీరటు సమీపమునందలి సర్ధానాలో జన్మించెను. రూర్కీ ఇంజనీరింగు కళాశాలలో చదివి, 1866లో ఇండోరు మరామతు శాఖలో ఉద్యోగమున చేరెను. ఛాయాగ్రహణమునకు పూనుకొనుట 1874 ప్రాంతమున. 1882లో లెపెల్ గ్రిఫిన్ దొరవెంట మధ్యభారతము తిరిగి తీసిన కట్టడముల పటములు 1886లో గ్రంథరూపమున వెలువడినవి. అదే సంవత్సరమున సికింద్రాబాదులో చిత్రశాల నెలకొల్పెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను ఆతనికి 1894లో రాజా బిరుదమును, ముసవ్విర్ జంగ్ అను పేరును ప్రసాదించెను. 1905లో ఆతడు మరణించెను. ఈ చరిత్రలో విమర్శకునికి మిక్కిలి పనికివచ్చు నంశ మొక్కటియే: ఛాయాగ్రాహకుడు కాకమున్నే ఆతడు కట్టడముల కొలతలెరిగిన పనివాడు.

ఆ యెరుక పటములందు స్పష్టముగా గోచరించును. యంత్రమును పైకెత్తి చూపినచో మేడగోడలు శిఖరమున లోనికి వాలినట్లు పడును. దీనదయాళుని కట్టడములు నిటారుగా నిలిచియుండును. ఎత్తైన తావు నెంచుకొనుటచేతనో, కటకమును చట్రములో పైకి జరుపుటచేతనో ఈ దోషము తొలగింపబడును. నీడ పడిన భాగమున సైతము అలంకరణము కానవచ్చునట్లు వెలుతురువేళను ఎంచుకొనుట ఆతని మరియొక నేర్పు. హనుమకొండ వేయిస్తంభముల గుడి పటమున శిల్పము రూపు దెలియుట కిదియే కారణము. 1892 నాటి నిజాము రాజ్య దృశ్యముల సంపుటమున అట్టివి గలవు.

ఐనను ఈ నిటారుతనమును సత్యమని భ్రమింపరాదు. యంత్రమెక్కడ నిలుపవలెనో నిర్ణయించినది కొలువు. ఫలక్‌నుమా లోపలి గదుల పటములందు కుర్చీలు, దీపగుచ్ఛములు, అద్దములు లెక్కపెట్టుకొనవచ్చును. ఆ గదులను తుడిచిన చేతులు మాత్రము కానరావు. ఫలకముపై వెలుతురు నెక్కువసేపు నిలుపవలసివచ్చినపుడు కదలువారు మసకలై పోవుదురు, మేడ మాత్రము నిలుచును. వీధి శూన్యముగా నుండెనని పటమును చూచి చెప్పుట పొరపాటు. యంత్రధర్మమును లోకధర్మముగా భావించుట యది. ప్రత్యక్షమే యైనను దోషదుష్టమైనచో ప్రమాణము కాదని తార్కికు లెన్నడో చెప్పియున్నారు.

ఇక ఎల్లలు. చార్మినారు 1591 నాటిది. దానిని ఎవ్వరు ఎన్నడు తీసినను మీనారులు నాలుగే. దీనదయాళుని పటమున కన్ను నిలువవలసినది మీనారులపై కాదు, వాని పాదముకడ తెరువున కిరువైపుల నొదిగిన తక్కువ యెత్తు అంగళ్లపై. ఏలయన, 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరమున వేలకొలది జనమును, ఇండ్లను హరించినది. తరువాత 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము ఇరుకు వాడలను తొలగించి వీధులను వెడల్పు చేసినది. పత్థర్‌గట్టి రాతికమానుల వరుస ఆ సంఘపు పని. నదియొడ్డున 1919లో హైకోర్టు భవనమును, 1925 నాటికి ఉస్మానియా ఆసుపత్రియు పూర్తియైనవి. ఇట్లు 20 ఏండ్లలోపల పాత నగరపు ముఖము మారినది. మారకమున్ను ఉన్నదానికి సాక్ష్యము, మేడను తీయబోయి అంచున అప్రయత్నముగా చిక్కిన పెంకుటింటి చూరే.

ఒక్కొక్కచోట ప్రశస్తియే ఎల్ల యైనది. 1887లో దివానుపదవి నందిన ఆస్మాన్‌జా బషీర్‌బాగు మేడ నాతడు వైభవము తోపునట్లు తీసెను. ఆ మేడ నేడు లేదు. పేటకు పేరు మాత్రము మిగిలినది. యజమానిని పొగడుటకై పుట్టిన పటము ఇపుడు ఆ స్థలమునకు మరణపత్రము వంటిది. 1989లో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రము సేకరించిన 2,857 గాజుఫలకముల నీ దృష్టితో మరల చదువవలసియున్నది. పటములపై పేరును, సంఖ్యయు గలవు. తీసిన దినము, నిలిచిన దిక్కు పెక్కింటికి లేవు. ఇంజనీరింగు చదివినవాడు దిక్కును విడుచుట వింతయే. నిజాము రాజ్య పురాతత్త్వశాఖ గులాం యజ్దానీ ఆధ్వర్యవమున 1914లో నెలకొన్న తరువాత గాని పటము, కొలత, వివరణము మూడును ఒక్కచోట కూడలేదు.

పటమున్నది గదా, కట్టడము పోయిన నేమని వాదించువారును గలరు. ఎర్రమంజిల్ మేడను పడగొట్టు మంత్రివర్గ నిర్ణయమును 2019లో తెలంగాణ హైకోర్టు కొట్టివేసినది. పటము గోడ మందమును చెప్పజాలదు, సున్నపు పాకమును చెప్పజాలదు, లోపలి చల్లదనమును అసలే చెప్పజాలదు.

రాజధానికే ఇట్లున్నచో 2016లో నల్లగొండనుండి యాదాద్రి భువనగిరి జిల్లాలోనికి మారిన మోత్కూరువంటి తావుల మాట యేమి? ఈ మెట్టసీమలో కొలువు లేదు, కొలువు ఛాయాగ్రాహకుడును లేడు. సమీపమున కొలనుపాక జైనాలయము జీర్ణోద్ధరణముచే కొత్తరూపు దాల్చినది. అచటి శాసనములను పండితులు చదివిరి, ఊరియిండ్లను చదివినవారు అరుదు. ఈ ప్రాంతపు పాత భవంతికి బురుజువంటి మట్టిగోడ, డంగుసున్నపు పూత, చెక్కడపు దర్వాజ, నడుమ వాన పడు మండువా, దానిచుట్టు హజారము, పైన గూనపెంకు. ఒక్కొక్క భవంతి పడిపోవుచుండగా ఆ తావున స్లాబు లేచుచున్నది. నేడు చేతిలో నిముడు ఫోను దీనదయాళుని పెట్టెకంటె వేగముగా పటము తీయును. కాని తీయబడునది తరచుగా ఇంటిముందు నిలిచిన మనుష్యుని ముఖమే, గోడ వెనుక మసక. ఇది దీనదయాళునికి సరిగా విపర్యయము. పటము వెనుక ఊరిపేరు, దినము, దిక్కు, వీధి వెడల్పు, దర్వాజ యెత్తు, పెంకు వేసిన పనివాడు ఆ భాగమునకు పెట్టిన పేరు వ్రాసినచో చాలును. ముందు హజారమునుండి మొదలిడి, దొడ్డివాకిలి దాక పోవచ్చును.