నెల్లూరు తీరపు పక్షులు – తెలుగు పేర్లు, కవిసమయాలు: ఒక విమర్శనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం:
పులికాట్ సరస్సు, నేలపట్టు చెరువుల పక్షుల గురించి తెలుగులో వచ్చే యాత్రారచనల్లో, పత్రికా కథనాల్లో ‘విదేశీ అతిథి’, ‘రాజహంస’ అన్న మాటలు తరచుగా వినిపిస్తాయి. ఇవి పరిశీలనలు కావనీ, ప్రాచీన కవిసమయానికి ఆధునిక రూపాలనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. స్థానిక నామం పక్షినీ దాని ఆవాసాన్నీ కలిపి చూపుతుందని, పక్షివీక్షణ రచనను విలువ కట్టడానికి అదే సరైన ప్రమాణమని నిరూపించడం దీని లక్ష్యం.

కీలక పదాలు: పక్షివీక్షణ, పులికాట్, నేలపట్టు, కవిసమయం, స్థానిక నామాలు, జెర్డాన్, కలివికోడి.

1. ఉపోద్ఘాతం:
పక్షివీక్షణ అంటే ఒక ఆవాసం నుంచి మరొక ఆవాసానికి సాగే ప్రయాణం. కచ్ రణ్ ఉప్పునేలల్లో కనిపించే జీవితం వేరు, దక్కను పీఠభూమి ముళ్లపొదల్లో కనిపించేది వేరు. 1931-32లో హైదరాబాదు సంస్థానంలో పక్షుల సర్వే జరిపిన సలీం అలీ, ఆ తరువాత అనేక సంస్థానాల్లో ఇదే పద్ధతిని కొనసాగించాడు. ఆ క్షేత్రానుభవమే 1941లో వెలువడిన ఆయన ‘ది బుక్ ఆఫ్ ఇండియన్ బర్డ్స్’ గ్రంథానికి బలం. పక్షి పేరు, రూపం, అలవాటు, ఉండే చోటు ఒకేచోట చెప్పడం ఆ రచనా పద్ధతి.

నెల్లూరు తీరంలో ఈ వైవిధ్యం స్వల్ప దూరంలోనే కనిపిస్తుంది. నేలపట్టులో మంచినీటి చెరువు, సూళ్లూరుపేట దాటితే పులికాట్ ఉప్పుటేరు జలాలు, పడమట తూర్పు కనుమల పొదలు ఉన్నాయి. 2022 జిల్లాల పునర్విభజనలో నేలపట్టు, సూళ్లూరుపేట తిరుపతి జిల్లాలో చేరినా, సాహిత్య సాంస్కృతిక చర్చలో వీటిని నెల్లూరు తీరంగానే పరిగణించడం సమంజసం.

2. కవిసమయం – పరిశీలన:
తెలుగు కావ్యాల్లో పక్షులకు కొదవ లేదు. హంస పాలను నీళ్లను వేరుచేస్తుంది, చకోరం వెన్నెల తాగుతుంది, చాతకం వానచినుకు కోసం ఎదురుచూస్తుంది, చక్రవాకాలు రాత్రి విడిపోతాయి. ఈ పక్షులకు నిర్దిష్టమైన ఊరు, చెరువు అక్కరలేదు. అవి భావానికి సంకేతాలు. ఇది దోషం కాదు, కావ్యభాషలో ఒక వ్యవస్థ.

అయితే అదే సంప్రదాయంలో దీనికి భిన్నమైన దృష్టి కూడా ఉంది. ‘ఆముక్తమాల్యద’లో విల్లిపుత్తూరు వర్ణనలో, పొలం కాలువల్లో బాతులు రెక్కల్లో తలదూర్చి నిద్రిస్తుంటాయి. వేకువనే స్నానమాడి వెళ్లిన బ్రాహ్మణులు మరచిన బట్టల ముద్దలని భ్రమించి తలారులు నీటిలోకి దిగుతారు. అది చూసి చేను కాచే స్త్రీలు నవ్వుతారు. ఇక్కడి అలంకారం భ్రాంతిమంతం. కానీ ఆ భ్రాంతి నిలవడానికి బాతు నిద్రించే తీరు, కాలువ, వేళ, అక్కడి మనుషుల పని అన్నీ యథార్థంగా ఉండాలి. అలంకారం పరిశీలనపై ఆధారపడిన సందర్భమిది. పక్షి, చోటు, వేళ, మనిషి అనే ఈ నాలుగు అంశాలను ఆధునిక పక్షివీక్షణ రచనకు కూడా ప్రమాణంగా స్వీకరించవచ్చు.

3. ‘విదేశీ అతిథి’ అనే కొత్త కవిసమయం:
2001లో మొదలైన ఫ్లెమింగో పండుగ సందర్భంగా వెలువడే కథనాల్లో రెండు వాక్యాలు దాదాపు అనివార్యం: పక్షులు సైబీరియా నుంచి వస్తాయన్నది ఒకటి, అవి మన అతిథులన్నది మరొకటి. ఉత్తరాసియా నుంచి శీతకాలంలో వచ్చే బాతులు, ఉల్లంకి జాతి పక్షులు ఉన్న మాట నిజం. కానీ ఈ వర్ణన ఎక్కువగా అంటుకున్న రెండు పక్షులకూ అది సరిపోదు. నేలపట్టు చెరువులోని నీటికడప చెట్లపై గూళ్లు కట్టి పిల్లలను పెంచే గూడబాతు దక్షిణాసియా పక్షి. ఇక పులికాట్ ఫ్లెమింగో విషయానికి వస్తే, భారతదేశంలో దాని ప్రధాన సంతానోత్పత్తి కేంద్రం కచ్ రణ్. సలీం అలీ 1945లో అధ్యయనం చేసినది అక్కడి ఫ్లెమింగో సమూహాన్నే.

ఇది సమాచార దోషం మాత్రమే కాదు. అతిథికి మర్యాద చేస్తాం, వీడ్కోలు చెబుతాం. అతని బతుకుతెరువు మన బాధ్యత కాదు. కర్ణాటకలోని కొక్కరె బెళ్లూరు గ్రామస్థులు ఇదే గూడబాతును పురిటికి పుట్టింటికి వచ్చిన ఆడపడుచుగా భావిస్తారు. ఆ రూపకంలో చెట్టు, ఊరు, బాధ్యత మూడూ ఉన్నాయి. రెండూ రూపకాలే అయినా ఒకటి పక్షిని దూరం చేస్తుంది, మరొకటి నేలకు కట్టి ఉంచుతుంది.

‘రాజహంస’ పదాన్ని కూడా ఇలాగే పరిశీలించాలి. తెల్లని దేహం, ఎర్రని ముక్కు, కాళ్లు కలది రాజహంస అని అమరకోశ నిర్వచనం. ఉత్తర భారతంలో తలపై నల్లచారలున్న బాతును కూడా ఈ పేరుతో పిలుస్తారు. తెలుగు పత్రికలు దీనిని ఫ్లెమింగోకు వాడటంతో పాఠకుడికి కలువల కొలను స్ఫురిస్తుంది. కానీ ఈ పక్షి బతికేది ఉప్పునీటి బురదలో. అది తలను తలకిందులుగా నీటిలో ముంచి, ముక్కుతో బురదనీటిని వడగట్టి నాచును, సూక్ష్మజీవులను తింటుంది. రెక్కల గులాబీ రంగు కూడా ఆ తిండిలోని వర్ణకాల నుంచే వస్తుంది. తమిళంలో దీనిని ‘పూనారై’ అంటారు. ఆ పేరు రంగును పూవుతో పోల్చినా, పక్షిని కొంగల వరుసలోనే నిలుపుతుంది. రాయదొరువు వంటి ముఖద్వారాలు ఇసుకతో పూడి సముద్రపు నీరు రాక సరస్సు ఎండుతున్నప్పుడు, బురదను చూపని భాష ఆ నష్టాన్ని కూడా చూపలేదు.

4. పేరు ఒక పరిశీలన:
స్థానిక నామాలు ఇందుకు భిన్నం. ఇద్దరు ఎదురెదురుగా నిలిచి తాళ్లతో ఊపుతూ పొలానికి నీరు తోడే బుట్ట ‘గూడ’. గూడబాతు తన ముక్కు కింది సంచితో నీటిని చేపలతో సహా తోడి, నీరు వదిలేస్తుంది. ఆ సాదృశ్యాన్ని గుర్తించగలిగేది గూడ వేసే సేద్యం తెలిసినవాడే. నత్తగుల్లకొంగ పేరులో దాని ఆహారం, తెడ్డుముక్కు కొంగ పేరులో ముక్కు ఆకారం, నీటికాకి పేరులో రంగు, ఆవాసం ఉన్నాయి.

ఈ పేర్లకు పరిమితులు లేకపోలేదు. ‘కొంగ’ అన్న ఒక్క మాట శాస్త్రం వేరుచేసిన అనేక కుటుంబాలను కలిపేస్తుంది. ఊరు మారితే పేరు మారుతుంది. శాస్త్రీయ నామానికి ఇవి ప్రత్యామ్నాయం కావు. కానీ ఒక సమాజం పక్షిని ఎలా చూసిందో చెప్పే సాక్ష్యంగా వీటి విలువ వేరు.

5. జెర్డాన్ గ్రంథం – కలివికోడి:
నెల్లూరులో సివిల్ సర్జన్‌గా పనిచేసిన థామస్ జెర్డాన్ 1862-64 మధ్య ‘ది బర్డ్స్ ఆఫ్ ఇండియా’ను మూడు సంపుటాలుగా ప్రచురించాడు. అందులో పక్షుల వివరాలతోపాటు హిందీ, తమిళ, తెలుగు పేర్లను రోమన్ లిపిలో నమోదు చేశాడు. తెలుగు పరిశోధకులు దీనిని శాస్త్రగ్రంథంగా కాక పదకోశంగా చదవవలసి ఉంది.

ఆయన పేరుతోనే ప్రసిద్ధమైన పక్షి ఇందుకు నిదర్శనం. 1848లో శాస్త్రలోకానికి పరిచయమైన ఈ పక్షి, 1900 తరువాత శాస్త్రవేత్తల కంట పడలేదు. అంతరించిందని భావించారు. 1986 జనవరిలో కడప జిల్లా లంకమల ప్రాంతంలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ దానిని తిరిగి కనుగొన్నాడు. అందుకు తోడ్పడింది అక్కడి పిట్టలవేటగాళ్లే. దాని వాడుక పేరు కలివికోడి. కలివి పొదల నడుమ తిరిగే పక్షికి ఆ పేరే చిరునామా.

జెర్డాన్ నమోదు చేసిన పేరు వేరు. దాన్ని తెలుగులో ‘అడవ ఉత తిత్తి’ అని రాయవచ్చు. రోమన్ లిపి త-ట భేదాన్ని గానీ, హ్రస్వదీర్ఘాలను గానీ చూపలేదు. చివరి పదం సంచి అన్న అర్థంలో ‘తిత్తి’యా, తీతువు పేరులో వలె కూతను అనుకరించే ధ్వనా అన్నది అర్థనిర్ణయ సమస్య. దీనిని పక్షిశాస్త్రం ఒక్కటే తేల్చలేదు. మాండలిక పరిశోధన కూడా కావాలి.

ఈ పనికి వ్యవధి తక్కువ. రాకెట్ ప్రయోగకేంద్రం స్థాపనతో శ్రీహరికోట దీవిలోని యానాదులు అక్కడి నుంచి తరలవలసి వచ్చింది. ఆవాసం మారిన సమాజంలో ఆ నేల పక్షుల పేర్లు తరువాతి తరం నోట నిలుస్తాయన్న భరోసా లేదు.

6. ముగింపు:
‘అతిథి’ రూపకం వల్ల వేలమందికి పక్షులపై ఆసక్తి కలిగిందన్న వాదాన్ని తోసిపుచ్చలేం. అయితే ఆసక్తి కలిగించడంతో రచన పని పూర్తికాదు. పక్షి ఏ నీటిలో, ఏ చెట్టుపై, ఏ నెలలో, ఎవరి పొలం పక్కన బతుకుతుందో చెప్పిన రచనే పక్షివీక్షణ రచన అవుతుంది. ఆముక్తమాల్యద పద్యం ఆ నాలుగింటినీ ఒక్క దృశ్యంలో చూపింది. గూడబాతు అన్న పేరు ఒక్క సమాసంలో పక్షినీ సేద్యాన్నీ కలిపింది. జెర్డాన్ సంపుటాల్లోని తెలుగు పేర్లను తిరిగి తెలుగు లిపిలోకి తెచ్చి, నెల్లూరు తీర గ్రామాల వాడుకతో సరిచూడటం తెలుగు శాఖలు చేపట్టదగిన క్షేత్రపరిశోధన. అది పేర్ల పట్టికతో ఆగకూడదు. ప్రతి పేరు వెనుక ఉన్న చెరువు, పొద, బురద ఇప్పటికీ ఉన్నాయా అన్న ప్రశ్నను కూడా అది అడగాలి.