ఉపాధ్యాయుని కొలుచు చట్టములు

ఒక సంస్కరణమునకు బాసటగా నిలిచినవారే, అది నడచిన తీరు చూచిన పిమ్మట, దానికెదురుగా గ్రంథము వ్రాయుట అరుదు. 2010లో అమెరికాదేశమున వెలువడిన 'ఘనమైన అమెరికా పాఠశాలావ్యవస్థ: దాని చావుబ్రతుకులు' అనునది అట్టి గ్రంథము. రచయిత్రి డయాన్ రావిచ్ విద్యాచరిత్రకారిణి. 1991 మొదలు 1993 వరకు ఆ దేశపు విద్యాశాఖలో సహాయకార్యదర్శిగా నుండెను. పరీక్షలు పెట్టి, ఫలితములను లోకమునకు వెల్లడించి, ఫలితము చూపని బడిని దండించినచో చదువు బాగుపడునని ఈమె చాలకాలము నమ్మెను. ఆ నమ్మకమును ప్రచారము చేసెను. అది సడలిన క్రమమును ఈ గ్రంథమున దాపరికము లేక చెప్పెను. ఎదుటిపక్షమువారు చేసిన నింద కంటె ఇట్టి సాక్ష్యమునకు బరువెక్కువ.

దూరదేశపు బడుల తగవుతో మనకేమి పని యని మా పాఠకులలో కొందరడుగవచ్చును. బిడ్డకు చదువు రానిచో పంతులనే పట్టవలెనను మాట మన యిండ్లలోను వినబడుచున్నది. పట్టుకొనుట యెట్లో, పట్టుకొన్న పిమ్మట ఏమగునో తెలిసికొనుటకు ఆ దేశము మనకొక పాఠము. వెనుకటి కాలమున మన వీధిబడి పంతుళ్లును ఈ కొలతబద్ద క్రిందికి వచ్చినవారే. ఆ సంగతి ముందు చెప్పెదము.

గ్రంథమున ముఖ్యముగా విమర్శింపబడినది 2002 జనవరి 8న అధ్యక్షుడు జార్జి డబ్ల్యు. బుష్ సంతకము చేసిన 'నో చైల్డ్ లెఫ్ట్ బిహైండ్' చట్టము. అనగా ఏ బిడ్డయు వెనుకబడరాదని. పేరు వినినచో కాదనువారుండరు. మూడవ తరగతి మొదలు ఎనిమిదవ తరగతి వరకు ప్రతి సంవత్సరము చదువునందును గణితమునందును పరీక్ష జరుగవలెను. ఫలితములను బడికి మొత్తముగా చూపుట చాలదు. నల్లజాతి బిడ్డలు, బీదబిడ్డలు, అంగవైకల్యము గలవారు, ఆంగ్లము ఇంటిభాష కానివారు, వీరి ఫలితములను వేరువేరుగా చూపవలెను. ఈ నిబంధన మంచిది. మొత్తపు సగటు చాటున దాగియున్న ఉపేక్ష దీనివలన బయటపడెను. ఈ చట్టమును నిందించువారు ఈ మేలును మరువరాదు.

చెడుగు పుట్టినది ఆ మీది నిబంధనలలో. 2014 నాటికి నూటికి నూరుగురు బిడ్డలును నిర్ణీత ప్రమాణము నందుకొనవలెనని చట్టము శాసించెను. ఏటేట ఆ గమ్యమువైపు చాలినంత సాగని బడికి వరుసగా దండనలు. రెండేండ్లు తప్పినచో బిడ్డలు వేరొక బడికి పోవుటకు హక్కు. మరియొక యేడు తప్పినచో బడిసొమ్ముతో బయటివారిచేత ప్రత్యేకబోధ. ఇంకను తప్పుచున్నచో ఉపాధ్యాయులలో పెక్కురను, ఒక్కొక్కచో అందరను, తొలగించుటయో, బడిని వేరొక యాజమాన్యమునకు అప్పగించుటయో. నూటికి నూరు అనునది ఏ దేశమునను ఏ కాలమునను జరిగినది కాదు. ఊరిలో ఒక్కనికిని జ్వరము రాకూడదనియు, వచ్చినచో వైద్యుని కొలువు పోవుననియు శాసించినట్లున్నది. ప్రమాణమును నిర్ణయించుకొను పని రాష్ట్రములకే వదలిరి గనుక కొన్ని రాష్ట్రములు దానిని దించి గండము గడుపుకొన్నవి. తుదకు 2012 మొదలు కేంద్రప్రభుత్వమే నలువదికి పైబడిన రాష్ట్రములకు ఆ నియమమునుండి సడలింపు లియ్యవలసివచ్చెను.

ఈలోపల తరగతిగదిలో ఏమి జరిగెను? లెక్కకు వచ్చునది రెండు విషయములే కనుక చరిత్ర, ప్రకృతిశాస్త్రము, చిత్రలేఖనము, సంగీతము, వీని గంటలు పెక్కుచోట్ల తరిగిపోయెను. చదువుటయనగా పుస్తకము చదువుట గాక, పరీక్షాపత్రమందలి నాలుగు జవాబులలో నొకదానిని ఎన్నుకొనుట ఆయెను. రోడ్ ఐలండ్ రాష్ట్రమున సెంట్రల్ ఫాల్స్ అను బీదపట్టణమున 2010 ఫిబ్రవరిలో ఉన్నతపాఠశాల ఉపాధ్యాయుల నందరను ఒక్క వేటున తొలగింప నిశ్చయించిరి. పనిచేయువాడని, చేయనివాడని వివక్ష లేదు. మే నెలలో ఒప్పందము కుదిరి వారిని మరల తీసికొనిరి.

ఇంతకంటె దుఃఖకరమైనది అట్లాంటా నగరపు వృత్తాంతము. అచటి బడుల ఫలితములు వింతగా పెరుగుచుండెను. అధికారులకు కీర్తి వచ్చుచుండెను. 2011లో జార్జియా రాష్ట్రము జరిపించిన విచారణ 44 పాఠశాలలలో మోసము జరిగినదనియు, 178 మంది ఉపాధ్యాయులును ప్రధానోపాధ్యాయులును అందు పాలుపంచుకొనిరనియు తేల్చెను. బిడ్డలు గుర్తించిన తప్పుజవాబులను చెరిపి ఒప్పుజవాబులు పెట్టినవారు చదువుచెప్పు పెద్దలే. 2015లో న్యాయస్థానము 11 మందిని దోషులని నిర్ణయించెను. వారి తప్పును మేము కప్పిపుచ్చము. బిడ్డకు చదువు రాలేదని తెలియవలసినచోట వచ్చినదని వ్రాయుట ఆ బిడ్డకు చేసిన ద్రోహమే. కాని ఒక్కడు దొంగయైనచో ఆతని గుణము నెంచవచ్చును. 44 బడులలో ఒకే రీతి దొంగతనము జరిగినచో ఆ బడులను నడపిన కట్టుబాటును గూడ విచారింపవలెను.

ఇది క్రొత్త రోగము కాదు. ఇంగ్లండులో 1862లో రాబర్టు లో అను రాజ్యాంగవేత్త ప్రాథమిక పాఠశాలల గ్రాంటునకు క్రొత్తనిబంధనావళి నేర్పరచెను. ఆరేండ్లు దాటిన ప్రతి బిడ్డకును హాజరునకు 4 షిల్లింగులు, పరీక్షకు 8 షిల్లింగులు. చదువు, వ్రాత, లెక్క యను మూడింటిలో ఒక్కొక్కటి తప్పినకొలది 2 షిల్లింగుల 8 పెన్నీల కోత. ఈ పద్ధతి చౌక కాకున్నచో సమర్థముగానుండును, సమర్థముగా లేకున్నచో చౌకగానుండునని ఆయన పార్లమెంటులో చెప్పెను. గ్రాంటు యాజమాన్యము చేతికి పోవునదియైనను పంతులు జీతము దానినే అంటిపెట్టుకొనియుండెను. కవియు విమర్శకుడునగు మాథ్యూ ఆర్నాల్డు 1851 మొదలు 1886 వరకు బడుల తనిఖీయుద్యోగిగా నుండెను. ఈ పద్ధతి బోధను యంత్రక్రియగా మార్చుచున్నదని ఆయన తన నివేదికలలో చెప్పుచునేయుండెను. ఎడ్మండు హోమ్స్ అను మరియొక తనిఖీయుద్యోగి, ఆ పద్ధతి తొలగిపోయిన చాలకాలమునకు, 1911లో గ్రంథము వ్రాసి దాని మచ్చ ఇంకను బడులను వదలలేదని వాపోయెను. తనిఖీకి పోయినవారే ఇట్లు చెప్పిరనుట గమనింపదగినది.

ఈ పద్ధతియే సముద్రము దాటి చెన్నపురి రాజధానికిని వచ్చెను. అంతకుమున్ను మన వీధిబడి పంతులు పిల్లల తండ్రులిచ్చు నెలజీతము మీదను, ధాన్యము మీదను, దసరా మామూళ్ల మీదను బ్రదికెడివాడు. ఆయన జవాబు చెప్పవలసినది అరుగెదుట నిలిచిన తండ్రికి. ఫలితములనుబట్టి గ్రాంటు వచ్చిన పిమ్మట జవాబు చెప్పవలసినది ఏడాదికొకమారు వచ్చు పరీక్షాధికారికి. పాతబడిలో లోపములు లేవని మేమనము. కోదండము వేసిన చేతిని పొగడుటకు మాకు మనసు రాదు. కడజాతివారని త్రోసివేయబడిన బిడ్డలకు ఆ యరుగుపై చోటు లేదు. సర్కారుచేయి సోకుటచే కొంతమేలు కలిగినమాటయు నిజము. కాని ఆ గ్రాంటుబద్ద కొలిచినది పరీక్షనాడు వల్లించిన పాఠమును. కొలువనిది తక్కిన యేడాదియంతయు.

మరల గ్రంథమునకు వత్తము. ఇందలి ప్రకరణములలో మాకు మిక్కిలి నచ్చినది రచయిత్రి తన ఆంగ్లోపాధ్యాయినిని గూర్చి వ్రాసినది. హూస్టను నగరమున ఉన్నతపాఠశాలలో ఆమె షేక్స్పియరును, మిల్టనును, కీట్సును బోధించెను. పిల్లల వ్యాసములను ఎఱ్ఱసిరాతో దిద్దెను, అజాగ్రత్తను సహింపలేదు. చదువు ముగించి వెళ్లునాడు ఒక్కొక్క విద్యార్థికి, ఆ విద్యార్థికి తగినవని తోచిన ఒకటి రెండు కవితాపంక్తులను కానుకగా నిచ్చెనట. ఇట్టి యుపాధ్యాయినికి నేటి చట్టము ఎన్ని మార్కులు వేయునని రచయిత్రి ప్రశ్న. నాలుగు జవాబులలో నొకటి గుర్తించు పరీక్షలో ఆమె బోధకు జాడ కానరాదు. ఒక్కొక్క పిల్లవాని మనసెరిగి రెండు పంక్తులు ఏరుటకు ఎంత చదువు, ఎంత చూపు కావలెనో మన గురువులను తలచుకొన్నవారికి వేరుగా చెప్పనక్కరలేదు.

గ్రంథము వెలువడిన పిమ్మటి సంఘటనలు ఆ ప్రశ్నకు బలమిచ్చినవి. 2009లో ప్రకటింపబడిన 'రేస్ టు ది టాప్' అను 435 కోట్ల డాలర్ల పోటీగ్రాంటు కొఱకు పెక్కు రాష్ట్రములు ఉపాధ్యాయుని యోగ్యతను ఆతని శిష్యుల మార్కులతో ముడిపెట్టినవి. బిడ్డ ఇన్ని మార్కులు తెచ్చుకొనునని లెక్కగట్టి, తెచ్చుకొన్నవానికిని దానికిని గల భేదమును పంతులు ఖాతాలో వేయుట ఈ పద్ధతి సారము. అమెరికా గణాంకశాస్త్రజ్ఞుల సంఘము 2014లో దీనిని పరిశీలించి, మార్కులలోని హెచ్చుతగ్గులలో ఉపాధ్యాయులకు చెందు పాలు నూటికి 1 మొదలు 14 వరకు మాత్రమేయని పెక్కు పరిశోధనలు చెప్పుచున్నవని ప్రకటించెను. న్యూయార్కు రాష్ట్రమున నాల్గవ తరగతి బోధించు ఒక యుపాధ్యాయినికి ఈ లెక్క ఒకయేట 20కి 14 ఇచ్చి, మరుసటియేట 1 ఇచ్చెను. ఆమె శిష్యులు రెండేండ్లును ఇంచుమించు ఒకతీరుగనే చక్కగా నెగ్గిరి. ఆమె న్యాయస్థానము కెక్కగా, ఆ నిర్ణయము హేతురహితమని 2016లో తీర్పు వచ్చెను. హూస్టనులో మరియొక చిత్రము. అచట లెక్కకట్టినది ఒక ప్రైవేటు కంపెనీ. సూత్రము ఆ కంపెనీ రహస్యము. తన కొలువు తీయు లెక్క సరియో కాదో సరిచూచుకొనుటకు పంతులుకు వీలు లేకుండుట న్యాయమా యను వాదము విచారణకు తగినదేయని 2017లో కేంద్రన్యాయమూర్తి అంగీకరించెను. బడిలో పిల్లవానికి లెక్క నేర్పునప్పుడు మెట్లు చూపనిదే మార్కు వేయము గదా!

2015 డిసెంబరులో వచ్చిన క్రొత్తచట్టము పాతదానిని త్రోసిపుచ్చెను. ఏటేటి పరీక్షలు నిలిచినవి; మార్కులనుబట్టి ఉపాధ్యాయుని తూచవలెనను కేంద్రనిర్బంధము తొలగెను.

గ్రంథమున కొఱత లేకపోలేదు. దూషింపవలసినదానిని దూషించుటయందు రచయిత్రికి గల పట్టు, తరువాత ఏమి చేయవలెనో చెప్పుటయందు లేదు. మంచి పాఠ్యక్రమము, చదువుకొన్న ఉపాధ్యాయులు, బీదరికమునకు చికిత్స వలయుననును, అన్నియు నిజమే. కాని బడికి సరిగా రాని పంతులు, వచ్చియు చెప్పని పంతులు ఉన్నచోట తల్లి యెవరితో మొరపెట్టుకొనవలెను? ఈ ప్రశ్నకు ఇందు దొరకు సమాధానము పలుచన. పంతుళ్లయెడ గౌరవమున్న మావంటివారే ఈ ప్రశ్న వేయనిచో, పంతుళ్లయెడ గౌరవము లేనివారు వేసి తమకు తోచిన జవాబు చెప్పుదురు.

మన దేశపు చట్టమును ఈ వెలుగున చూచుట మంచిది. 2009 నాటి విద్యాహక్కు చట్టము 2010 ఏప్రిలు 1న అమలునకు వచ్చెను. దాని 24వ సెక్షను ఉపాధ్యాయుడు వేళకు రావలెను, పాఠ్యభాగమును ముగింపవలెను, తల్లిదండ్రులతో సమావేశమై బిడ్డ ప్రగతి చెప్పవలెనని విధించి, తప్పినవానికి క్రమశిక్షణచర్య యుండుననును; ఆతని మొరలు వినవలెననియు అందే కలదు. 25వ సెక్షను ప్రకారము ప్రాథమిక తరగతులలో 60 మంది బిడ్డలవరకు ఇద్దరు ఉపాధ్యాయులుండవలెను. 26వ సెక్షను ప్రకారము ఖాళీలు మంజూరైన కొలువులలో పదవవంతుకు మించరాదు. అనగా మన చట్టమున రెండు పద్దులును గలవు. పంతులు చెల్లింపవలసినది, ప్రభుత్వము చెల్లింపవలసినది. భేదమెక్కడనగా, మొదటిపద్దు తప్పినవానికి శిక్ష వ్రాయబడినది; ఖాళీలు నింపని యధికారికి శిక్ష ఆ చట్టమున ఎచటను లేదు. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, ఈ చట్టమునకు మునుపే కొలువున చేరినవారైనను, విరమణకు ఐదేండ్లకు మించి గడువున్నచో రెండేండ్లలో అర్హతపరీక్ష నెగ్గవలెనని తీర్పు చెప్పెను. బోధించువాడు పరీక్షకు నిలువరాదని మేమనము. ఇరువదియేండ్లు పాఠము చెప్పినవానికి రెండేండ్ల గడువు పెట్టగలిగినచోట, ఒక్క పంతులే ఐదు తరగతులను నడపు బడికి రెండవవానిని పంపుటకును గడువు పెట్టవలదా యని మాత్రము అడుగుచున్నాము.

ఆ చట్టముననే 21వ సెక్షను క్రింద ప్రభుత్వపు బడులకును, ప్రభుత్వపు సొమ్ము పొందు బడులకును నిర్వాహకసంఘమొకటి యేర్పడియున్నది. సభ్యులలో నాలుగింట మూడుపాళ్లు తల్లిదండ్రులే; మొత్తమున సగము స్త్రీలు. బడి నడక చూచుట, గ్రాంటుసొమ్ము ఖర్చు చూచుట దాని పనులు. మా పాఠకురాండ్రలో బిడ్డలనట్టి బడికి పంపువారు ఆ సంఘమున కూర్చుండవచ్చును. కూర్చున్ననాడు పంతులు హాజరుపట్టీతోపాటు, ఆ బడికి మంజూరైన కొలువులెన్ని, నిండినవెన్ని యను కాగితమును గూడ తెప్పించి చూడవలెను.