ఒకే నెగెటివ్ మీద రెండు వెలుతురులు

లాస్ ఏంజెలెస్‌లో హాలీవుడ్ కొండల అంచున ఉన్న స్టాల్ హౌస్‌కు వెళ్లని వాళ్లలోనూ చాలామంది దాని ఫోటో చూసే ఉంటారు. గాజు గోడల గది, అందులో తెల్ల గౌన్లు వేసుకుని కబుర్లలో ఉన్న ఇద్దరమ్మాయిలు, కింద కనుచూపు మేరా నగరం దీపాలు. ఆర్కిటెక్ట్ పియర్ కోనిగ్ రూపొందించిన ఈ ఇంటిని జూలియస్ షుల్మన్ 1960 మే నెలలో ఫోటో తీశారు. అదంతా అల్లిన దృశ్యమేనని కొట్టిపారేసేవాళ్లున్నారు. అప్పటికి ఇంటి పని పూర్తి కాలేదు, సామాను ఎరువు తెచ్చింది, అమ్మాయిలు ఆ ఇంటివాళ్లు కారు. ఇవన్నీ ఒప్పుకుంటూనే అంటున్నాను, ఆ ఇల్లు ఏమిటో అంత సూటిగా పట్టిన ఫోటో మరొకటి లేదు.

రాత్రిపూట గాజు గదిని తీయడంలో చిక్కంతా వెలుతురుతోనే. మన కన్ను లోపలికి చూస్తే గది వెలుతురుకు, బయటికి చూస్తే చీకటికి తనంతట తానే సర్దుకుంటుంది. ఫిల్ముకు ఆ వెసులుబాటు లేదు. నగరం దీపాలు పడేదాకా షట్టరు తెరిచి ఉంచితే గది తెల్లగా పాలిపోతుంది, గదికి సరిపడా తెరిచి మూసేస్తే నగరం నల్లగుడ్డే. షుల్మన్ పెద్ద ఫిల్ము కెమెరాను స్టాండు మీద కదలకుండా బిగించి, గదిలో దీపాలార్పించి, సుమారు 7 నిమిషాలు షట్టరు తెరిచి ఉంచారు. అంతసేపూ అమ్మాయిలు చీకట్లోనే కూర్చున్నారు. పైనుంచి వేలాడే గుండ్రటి దీపాల్లో మామూలు బల్బుల స్థానంలో ముందే ఫ్లాష్ బల్బులు పెట్టించారు. నగరం పడ్డాక వాటిని వెలిగిస్తే, గదీ మనుషులూ రెప్పపాటులో అదే నెగెటివ్ మీదికి ఎక్కారు. కన్ను ఒకదాని తర్వాత ఒకటిగా చూసేది ఫిల్ము మీద ఒక్కచోట చేరింది. ఇక ఆ కోణం చూడండి. గోడ దాటి ముందుకు సాగిన ఉక్కు కప్పు గీతలు, కింద వీధి దీపాల వరసలు ఒకే దూరానికి పరుగెత్తుతున్నట్టుంటాయి. గదికి అవతలి గోడ నగరమే అన్నంతగా కట్టిన ఇల్లది. సామాను ఎవరిదైనా ఆ సంగతి మారదు.

దీనికంటే గట్టి అభ్యంతరం ఒకటుంది. ఒక్క ఫోటో ఇల్లంతటినీ మింగేస్తుందని. అది నిజమే. స్టాల్ కుటుంబం పిల్లల్ని పెంచిన ఇల్లది. వంటగది, పడగ్గదులు, ఈతకొలను ఉన్నా లోకానికి గుర్తున్నది ఆ మూల ఒక్కటే. అయితే ఆ లోటు అమర్చి తీయడం వల్ల వచ్చింది కాదు, ఒక్క దానితో సరిపెట్టుకున్న మన చూపు వల్ల వచ్చింది. షుల్మన్ ఆ ఇంటిని పగటి వెలుతురులోనూ తీశారు, వాటినీ పక్కన పెట్టుకుని చూడాలి. ఇప్పుడు డిజిటల్ కెమెరాతో నాలుగైదు ఫోటోలు తీసి కంప్యూటర్‌లో కలిపేవాళ్లు చేస్తున్నదీ ఆనాటి పనే. కాకపోతే ఏ వెలుతురు ఎంతసేపు పడాలో ముందే తేల్చుకునే శ్రద్ధ ఆ పద్ధతిలో సులువుగా జారిపోతుంది. షుల్మన్‌కు ఆ శ్రద్ధ అంతకుముందు నుంచే ఉంది. ఆర్కిటెక్ట్ రిచర్డ్ న్యూట్రా పామ్ స్ప్రింగ్స్‌లో కట్టిన కౌఫ్మన్ హౌస్‌ను 1947లో సంధ్యవేళ తీసినప్పుడు, ఒక్క ఫోటో కోసం 45 నిమిషాలు తీసుకున్నారు. ఆ ఫోటోలో కొలను పక్కన ఇంటావిడ పడుకుని కనిపిస్తారు. కొలనులోని దీపం కాంతి నేరుగా కెమెరాలో పడకుండా ఆవిడ అడ్డుగా ఉన్నారు.