ఎవరి పట్టా, ఎవరి సమాధి

అమెరికాలో తెల్లవాళ్లు తమ వంశచరిత్ర రాసుకోవాలంటే దారి సిద్ధంగా ఉంటుంది. కౌంటీ కోర్టుకి పోయి భూమి దస్తావేజులు తీస్తారు, వీలునామాలు చూస్తారు, కుటుంబ శ్మశానంలో రాళ్ల మీది పేర్లతో సరిపోల్చుకుంటారు. మరి ఈ మూడూ లేనివాళ్ల సంగతేంటి? వాళ్లు చరిత్ర లేనివాళ్లుగా మిగిలిపోవాల్సిందేనా? నల్లజాతి చరిత్రకారిణి ఆనెట్ గోర్డన్-రీడ్ 1997లో, 2008లో రాసిన రెండు పుస్తకాల్ని మేం ఈ ప్రశ్నతోనే చదివాం.

వర్జీనియాలో ఆల్బెమార్ల్ కౌంటీ (కౌంటీ అంటే దాదాపు మన జిల్లా) 1744లో ఏర్పడింది. థామస్ జెఫర్సన్ ఇల్లు, ఆ ఇంటివాళ్ల శ్మశానం ఉన్న మాంటిచెల్లో కొండ అక్కడిదే. మనుషులంతా సమానంగా పుట్టారని 1776 ప్రకటనలో రాసింది ఆయనే. బతికినన్నాళ్లలో 600 మందికి పైగా మనుషుల్ని బానిసలుగా ఉంచుకున్నదీ ఆయనే.

ఆ కొండ ఆయన తండ్రి పీటర్‌కి వలస ప్రభుత్వం 1735లో ఇచ్చిన 1,000 ఎకరాల పట్టాలోది. పీటర్ వృత్తి సర్వే. పట్టా పుట్టక ముందు ఆ నేల మొనకన్ ఇండియన్లది. వాళ్లకి కాగితం లేదు, పెద్దల్ని పూడ్చిన దిబ్బలున్నాయి. రివానా నది దగ్గరి దిబ్బనొకదాన్ని జెఫర్సన్ తవ్వించాడు. అందులో వెయ్యి శవాలదాకా ఉండొచ్చని లెక్క కట్టాడు. అంతకు ముప్పై ఏళ్ల కిందట ఇండియన్ల గుంపొకటి ఎవర్నీ దారి అడక్కుండా అడవిలోంచి నేరుగా అక్కడికొచ్చి, కాసేపు దుఃఖంగా నిలబడి వెళ్లిందని ఆయనే రాశాడు. అంటే వారసులున్నారని తెలిసే తవ్వాడు. దానికే ఆయన్ని అమెరికా పురావస్తు శాస్త్రానికి ఆద్యుడంటారు. మొనకన్లకి కేంద్ర ప్రభుత్వ గుర్తింపు మాత్రం 2018లో గాని రాలేదు.

ఇక చట్టం. బిడ్డకి తల్లి హోదాయే వస్తుందని 1662లో వర్జీనియా శాసనం చేసింది. 1705 శాసనం వారసత్వం విషయంలో బానిసల్ని భూమిలాగే స్థిరాస్తి అంది. ఈ రెంటినీ కలిపి చదవాలి. యజమాని పిల్లలకి తండ్రి భూమి దక్కింది, అదే యజమానికి బానిస స్త్రీ కన్న పిల్లలకి తల్లి బానిసత్వం దక్కింది. 1773లో జెఫర్సన్ మామ జాన్ వేల్స్ చనిపోయాడు. కూతురు మార్తా ద్వారా అల్లుడికి సుమారు 11,000 ఎకరాలు, 135 మంది మనుషులు వచ్చారు. ఆ 135 మందిలో పసిబిడ్డ శాలీ హెమింగ్స్ ఉంది. ఆమెకీ తండ్రి వేల్సే అని శాలీ కొడుకు మాడిసన్ చెప్పాడు. మార్తాకి సవతి చెల్లెలు ఆస్తి జాబితాలోకి వచ్చిందన్నమాట.

తన తండ్రి జెఫర్సనే అని కూడా మాడిసన్ 1873లో ఒహాయో పత్రిక ఒకదానిలో చెప్పాడు. అదే 1873లో జోతిబా ఫూలే తన 'గులాంగిరి'ని బానిస విముక్తికి పాటుపడ్డ అమెరికా ప్రజలకి అంకితమిచ్చాడు. అంత దూరంలో ఉన్న ఫూలేకి పట్టిన సంగతి అక్కడి పేరున్న చరిత్రకారులకి పట్టలేదు. నూరేళ్లకు పైగా మాడిసన్ మాటని తోసేసి జెఫర్సన్ మనవల మాట నమ్మారు. రెండూ ఇంట్లో విన్న మాటలే. తెల్లవాడు చెబితే సాక్ష్యమైంది, నల్లవాడు చెబితే పుకారైంది. 1997 పుస్తకం ఈ గుట్టే విప్పింది. మరుసటి ఏడాది డీఎన్ఏ పరీక్షలో శాలీ చిన్నకొడుకు ఎస్టన్ వారసుడి రక్తం జెఫర్సన్ మగవంశంతో కలిసింది, మనవలు వేలెత్తి చూపిన మేనల్లుళ్ల వంశంతో కలవలేదు. 2000లో మాంటిచెల్లోని నడిపే సంస్థ కూడా మాడిసన్ మాట వైపే మొగ్గింది. అయినా 2002లో శ్మశానం సొంతదారులైన కుటుంబ సంఘం హెమింగ్స్ వారసుల్ని చేర్చుకోం అని తీర్మానించింది.

ఆ శ్మశానం వాళ్ల చేతిలో ఎలా మిగిలింది? జెఫర్సన్ అప్పులతో చనిపోయాడు. 1827లో 130 మంది మనుషుల్ని వేలానికి పెట్టారు. 1831లో ఇల్లూ అమ్మేశారు, శ్మశానాన్ని మాత్రం అమ్మకంలోంచి మినహాయించుకున్నారు. ఇల్లు పోయినా కాగితం సమాధుల్ని కాపాడింది. బానిసల శ్మశానానికి అలాంటి కాగితమేదీ లేదు. కార్లు నిలిపే చోటు పక్కన ఉన్న ఆ స్థలాన్ని 2001లో తవ్వకాలు రుజువు చేశాయి. 40కి పైగా సమాధులుంటాయని అంచనా. వాటిలో ఉన్నది ఎవరెవరో తెలియదు.

2008 పుస్తకం హెమింగ్స్ కుటుంబాన్ని మనుషులుగా నిలబెట్టింది. ఇది చిన్న పని కాదు. కానీ ఇంటి పనివాళ్లు, చేతిపనివాళ్లు కాబట్టి హెమింగ్స్‌లకి కాగితాల్లో జాడ ఎక్కువ. పొగాకు, గోధుమ పండించినవాళ్లకి యజమాని జాబితాలో ఒక పేరు, దుప్పటి లెక్క తప్ప ఏం మిగిలింది? వాళ్ల కోసం వారసుల నోటిమాటే వెతకాలి. మాంటిచెల్లోలో 1993 నుంచి ఆ సేకరణ సాగింది. యజమాని శ్మశానంలో చోటు అడగటం న్యాయమే. కానీ పోరాటం అక్కడే ఆగితే పేర్లు లేని ఆ సమాధుల్ని ఎవరు అడుగుతారు? గుడి ప్రవేశమా, భూమా అన్న తగువు మనకీ తెలిసిందే.

మా ఇళ్లల్లో యూనివర్సిటీ మెట్లెక్కిన మొదటి తరం మేం. పరిశోధన అంటే రికార్డు రూమే అని మాకూ నేర్పారు. రికార్డు చదవాల్సిందే, ఎవరు ఎందుకు రాసుకున్నారో అడుగుతూ చదవాలి. మాలపల్లె, మాదిగగూడెం ముసలమ్మలు ఫలానా చెట్టు కింద ఫలానావాళ్లని పూడ్చామని చెబితే దాన్ని పాత కథ అనకుండా సాక్ష్యంగా రాసుకోవాలి. దానికోసం డీఎన్ఏ పరీక్ష దాకా ఆగనక్కర్లేదు.