ముందు తుంటి ఎముక చూపించండి

‘టీవీలో పుర్రెను ఇలా తిప్పి చూసి ఆడో మగో చెప్పేస్తారు. నిజంగా అంత తేలికా మాస్టారూ?’ నెహ్రూ నగర్‌లో పొద్దుటి నడకలో పక్కింటి కుర్రాడి ప్రశ్న. అనాటమీ చెప్పుకుని బతికినవాణ్ణి, ఊరుకుంటానా? పుర్రె తర్వాత, ముందు తుంటి ఎముక చూపించమన్నాను.

కాన్పుకు దారి ఇవ్వాలి గనుక ఆడవారి కటి వెడల్పుగా ఉంటుంది. తుంటి ఎముక వెనకవైపు గ్రేటర్ సయాటిక్ నాచ్ అనే గండి ఉంది. అందులో బొటనవేలు పెట్టి చూడాలి. వేలు బిగిస్తే మగ, అటూ ఇటూ ఆడితే ఆడ అనుకోవచ్చు. ముందువైపు ప్యూబిస్ ఎముకలు రెండూ కలిసేచోట, కింది కోణం మగవారిలో ఇరుకు, ఆడవారిలో విశాలం. 1969లో ఫెనిస్ ఆ ప్యూబిస్ మీదే మూడు గుర్తులు చూపించి, నూటికి 95కు పైగా సరిగ్గా తేల్చవచ్చన్నాడు. పుర్రెలో కనుబొమల గట్టు, చెవి వెనక బుడిపె చూస్తాం గానీ, గట్టి ఒళ్లున్న ఆడమనిషి ఎదురైతే అవి మోసం చేస్తాయి.

మానవ శాస్త్రవేత్త క్రాగ్‌మన్ లెక్కలో మొత్తం అస్థిపంజరం దొరికితే నూటికి నూరు. పిల్లలు బట్టీ పట్టే ఆ నూరు మీద నాకు గురి లేదు. ఆయన చూసిన సేకరణలో మగ అస్థిపంజరాలే ఎక్కువ. ఎటూ తేలనిదాన్ని మగ అనేసినా ఒప్పయ్యే అవకాశమే ఎక్కువ కదా!

కొలతలదీ ఇదే తంటా. 1966లో జిత్, సింగ్ కాలర్ ఎముకకు కట్టిన హద్దులు అమృత్‌సర్ ప్రాంతానివి. 1959లో ఉక్కు కొలిమి వెలిగాక శ్రీకాకుళం నుంచీ కేరళ నుంచీ పంజాబ్ నుంచీ జనం వచ్చి చేరిన భిలాయిలో ఎముక దొరికితే ఏ ప్రాంతపు పట్టిక తీయాలి?

సందేహం మిగిలితే డీఎన్‌ఏ ఉంది. హిమాలయాల్లోని రూప్‌కుండ్ సరస్సులో దొరికిన మనుషుల ఎముకలపై హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కూడా పాల్గొన్న అధ్యయనం 2019లో వచ్చింది. పరీక్షించిన 38 మందిలో 23 మంది మగవారు, 15 మంది ఆడవారు. ఆ ఎముకలు ఒక సైన్యానివన్న పాత కథ ఇక నిలబడటం కష్టమే.

ఈడు రాని పిల్లల ఎముకైతే, డీఎన్‌ఏ లేనప్పుడు, రిపోర్టులో ‘చెప్పలేం’ అని రాయడమే మర్యాద.

మీకో మాట. పునాది తవ్వేటప్పుడు ఎముక తగిలితే పార ఆపండి. పలచని ప్యూబిస్ ఇట్టే విరిగిపోతుంది. పోలీసులకు కబురు చేసి, డాక్టరు వచ్చేదాకా ఎవరినీ ముట్టుకోనివ్వకండి.