‘బీదలపాట్లు’ : ఒక పేరును గూర్చిన విమర్శ

విక్టరు హ్యూగో 1862వ సంవత్సరమునఁ బ్రకటించిన ‘లే మిజరాబ్ల్’ అను నవలను మన తెలుఁగువారిలోఁ బెక్కండ్రు పుస్తకముగాఁ గాక వెండితెరబొమ్మగానే యెఱుఁగుదురు. 1950లోఁ గోయంబత్తూరు పక్షిరాజా స్టూడియోవారు, కె. రామ్‌నాథ్ గారి దర్శకత్వమున, నాగయ్యగారు ప్రధానపాత్రధారిగా దీనిని తమిళమునను దెలుఁగునను నిర్మించిరి. శుద్ధానంద భారతిగారు ఈ నవలను ‘ఏళై పడుం పాడు’ అను పేరుతోఁ దమిళీకరించియుండిరి. తమిళచిత్రమునకు నదియే పేరయ్యెను. తెలుఁగుచిత్రమునకు ‘బీదలపాట్లు’ అని పేరిడిరి. 1972లో మఱల నీ పేరుతోనే యింకొక చిత్రము వచ్చెను. హ్యూగో నవలను దెలుఁగునఁ బ్రస్తావించువారు నేఁటికిని ఈ పేరునే తఱచుగా వాడుచున్నారు. ఇంతగా నాటుకొన్న పేరును పరీక్షింపఁ బూనుట వృథాశ్రమ మని కొందఱకుఁ దోఁపవచ్చును. కాని గ్రంథము పేరును దప్పుగా గ్రహించినవాఁడు గ్రంథమును సైతము తప్పుగాఁ జదువునని మా యనుభవము.

ముందుగా నీ పేరులోని గుణమును జెప్పవలెను. ‘పాట్లు’ అనుమాట చక్కని తెలుఁగు. పడుట యను క్రియనుండి పుట్టి, శ్రమ, బాధ, ఓర్పు మూఁటిని ఒక్కచోటఁ జూపును. కష్టములు వచ్చును, పోవును. పాట్లు మాత్రము పడవలసినవే. తమిళమున ‘ఏళై’ ఏకవచనమున నుండఁగాఁ దెలుఁగువారు ‘బీదల’ని బహువచనము చేయుటయు మూలమునకు అనుగుణముగనే యున్నది, హ్యూగో పెట్టిన పేరు బహువచనమే. చిత్రశాల ముందు నిలిచినవానికి ఒక్కక్షణమున నర్థమగు పేరిది. దీనిని బెట్టినవారిని మేము నిందింపము.

ఇఁక మూలపదమును జూతము. ‘మిజరాబ్ల్’ అను ఫ్రెంచిమాటకు లాటిన్ మూలము. మొదటి యర్థము జాలిపడఁదగినవాఁడు. దానినుండి కడుబీదవాఁడు. అంతతో నాఁగక, నీచుఁడు, దుర్మార్గుఁడు, ఛీకొట్టఁదగినవాఁడు అను నర్థమును అదే మాటకుఁ గలిగెను. ఫ్రెంచివాఁడు వీధిలోఁ బడియున్న ముసలివానిని జూచి కన్నీటితో ననుమాటయు, తన్ను మోసగించినవానిపైఁ గోపముతో విసరుమాటయు నిదియే. నవల మూఁడవ భాగమున మారియస్ అను యువకుఁడు తన గది ప్రక్కనున్న కుటుంబమును దలఁచుకొనును. వారు బిచ్చమునకై దొంగయుత్తరములు వ్రాయువారు. కన్నకూఁతులను బనికిమాలిన పనులకుఁ బంపువారు. అయినను ఆకలితో నుండువారు. అచ్చట హ్యూగో తన గ్రంథనామమునకుఁ దానే వ్యాఖ్యాత యైనాఁడు. భాగ్యహీనుని, భ్రష్టుని ఒకే మాట ముడివేయుచున్న సంగతిని గుర్తించి, తప్పెవరిదని పాఠకుని నిలదీసినాఁడు. నవల యంతయు నీ ప్రశ్నమీఁదనే నడచును.

‘బీద’ యనుమాట ఈ ముడిలో నొకపోఁగును మాత్రమే పట్టుకొనును. అది యెట్లో కథలోనే చూడవచ్చును. జీన్ వాల్జీన్ (ఇంగ్లీషువారి నోటినుండి మనకుఁ జేరిన యుచ్చారణమునే వాడుచున్నాము) అక్కగారి యేడుగురు బిడ్డల యాఁకలికై 1795లో నొక రొట్టెను దొంగిలించెను. అయిదేండ్ల శిక్ష, పాఱిపోవఁ బ్రయత్నించుటచేఁ బెరిగి పెరిగి పందొమ్మిదేండ్లయ్యెను. 1815లో విడుదలయై డీన్యు పట్టణముఁ జేరినప్పుడు వానిచేత నూఱు ఫ్రాంకులకుఁ బైగా సొమ్మున్నది. కూడునకు, పడకకు వెల యిత్తునని చెప్పినను సత్రమువాఁడు వెడలఁగొట్టెను. కారణము బీదఱికము గాదు. వాని జేబులోని పసుపుపచ్చ పత్రము. పిమ్మట వాఁడే పేరు మార్చుకొని కర్మాగారము స్థాపించి, నగరాధ్యక్షుఁడై, కడపట పెంపుడుకూఁతురు కోజెట్టునకు దాదాపు ఆఱులక్షల ఫ్రాంకులు కట్నముగా నిచ్చును. ఆఱులక్షలు కట్నమిచ్చిన బీదవాని నెక్కడఁ గంటిమి? అయినను వాఁడు చచ్చువఱకు ‘మిజరాబ్ల్’గనే యుండెను, ఆ మాటలోని రెండవ యర్థము, లోకము వానిపై వేసిన ముద్ర, డబ్బుతోఁ జెఱగునది కాదు. మఱొకప్రక్క థెనార్డియే యున్నాఁడు. వాఁడు వాటర్లూ యుద్ధభూమిలో శవముల జేబులు వెదకిన దొంగ. వాఁడును బీదవాఁడే, మారియస్ ప్రక్కగదిలోనివాఁడు వీఁడే. ‘బీదలపాట్లు’ అని చదివినవాఁడు వీనిని బీదలలోఁ జేర్చుకొనఁడు, ప్రతినాయకుఁడని ప్రక్కకు నెట్టును. హ్యూగో మాత్రము వీనినిగూడ ఆ మాటక్రిందికే తెచ్చి, వీఁ డిట్లగుట కెవరు కారకులని యడుగును.

ఇందొక విచిత్రము కలదు. హ్యూగో 1845లో నీ గ్రంథమును మొదలిడిన కొంతకాలమునకు దానికిఁ బెట్టుకొన్న పేరు ‘లే మిజేర్’, అనఁగా దైన్యములు, దుర్దశలు. 1848 నాఁటి విప్లవముతో వ్రాఁత నిలిచి, ప్రవాసములో 1860లో మఱల నారంభింపఁబడెను. ప్రకటనమునాఁటికిఁ బేరు ‘లే మిజరాబ్ల్’ అయ్యెను. బాధలను వదలి బాధితులను, వస్తువును వదలి మనుష్యులను ముందునకుఁ దెచ్చెను. మన ‘పాట్లు’ తెలియకయే హ్యూగో విడిచిపెట్టిన పాత పేరును మరల నిలిపినది. పాట్లను జూచి యేడ్చుట సులభము. పాట్లకు నేరము లేదు. మనుష్యుని జూచినప్పుడే వాఁడు మంచివాఁడా చెడ్డవాఁడా యను చిక్కు వచ్చును.

ఇతరభాషలవా రేమిచేసిరి? ఇంగ్లీషువారిలోఁ బెక్కండ్రు 1862లోనే మొదలుకొని ఫ్రెంచిపేరునే యుంచుకొని తప్పించుకొనిరి. వారికి ‘రెచ్’ అను మంచిమాట యుండఁగనే యిట్లు చేసిరి. దానికిని జాలిగొలుపువాఁడు, నీచుఁడు అను నర్థములు రెండును గలవు. జర్మనులు ‘ఎలెండ్’ అను తమ మాటతోఁ బని గడుపుకొనిరి. 1902లో జపానునందు కురోయివ రుయికో తన యనువాదమునకు ‘ఆ ముజో’ అని పేరిడినాఁడు: అయ్యో, నిర్దయ! అని తాత్పర్యము. ఇది యనువాదము కాదు, తీర్పు. హ్యూగో యడిగిన ప్రశ్నకు ఆయన సంఘమునే ముద్దాయిగా నిలిపి యుత్తరమిచ్చినాఁడు. సాహసమే, కాని ప్రశ్నను బ్రశ్నగా మిగిల్చినచో మూలమునకు దగ్గఱగా నుండెడిది.

మన యింట వెదకుదము. సంస్కృతమున ‘కృపణ’శబ్దము కలదు. ‘కృప’తో దానికిఁ జుట్టఱికము, మొదట జాలిపడఁదగినవాఁడు, పిదప నీచుఁడు, తుదకు లోభి. గీతలో నర్జునుఁడు తన్నుఁ గ్రమ్మినదని చెప్పుకొన్న కార్పణ్యము పిసినితనము కాదుగదా! అక్షరతత్త్వము నెఱుఁగక యీ లోకమును వీడువాఁడు కృపణుఁడని బృహదారణ్యకము. లాటిన్ మాటకును సరిగా నీ గతియే పట్టినది. ఆ మూలమునుండియే ఇంగ్లీషున లోభికిఁ బేరు వచ్చెను. ఇంత దూరమున రెండుభాషలు ఒకే మెట్లు దిగుట చూడ వేడుకగా నున్నది. కాని తెలుఁగున నేఁడు కృపణుఁడనఁగాఁ బిసినిగొట్టే. ఆ మాటను దెచ్చి యిచ్చటఁ బెట్టినచో నవలానాయకుఁడు పైకము దాఁచుకొన్నాఁడని చదువరి తలఁచును.

మా చిన్నకోడూరు ప్రాంతమున బీదవానిని గరీబనుట యున్నది. అరబ్బీలో నా మాటకుఁ బరదేశి యని యర్థము. ఉర్దూలో బీదవాఁడని, కొంత సాధువని. పై ఇంగ్లీషుమాట ‘రెచ్’ సైతము పూర్వము దేశమునుండి వెడలఁగొట్టఁబడినవానికిఁ బేరు. జర్మను ‘ఎలెండ్’నకు మొదటి యర్థము అన్యదేశము. తనవారు లేనివాఁడే దీనుఁడని మూఁడు జాతులు వేర్వేఱుగాఁ గనిపెట్టినట్లున్నది. డీన్యులో తలుపు తలుపు తట్టిన వాల్జీను నిజముగా గరీబే. కాని గరీబులో మెత్తఁదనమే కాని తిట్టు లేదు.

తిట్టు కావలెనన్నఁ దెలుఁగునఁ గొఱఁత లేదు. ఇచ్చట మాకుఁ గొంత సిగ్గు కలుగుచున్నది. దిక్కుమాలినవాఁడు అనఁగా ఆధారము లేనివాఁడు. మనము దానిని దేనికి వాడుచున్నాము? ముష్టి యనఁగా పిడికెఁడు గింజలు, ముష్టివాఁడనఁగా నేమియగుచున్నది? దరిద్రుఁడు, దౌర్భాగ్యుఁడు, నిర్భాగ్యుఁడు, అన్నియు నిదే దారి. వీనికన్నిటికిని మకుటము ‘వెధవ’. విధవాశబ్దమే యిట్లు మాఱినది. భర్తను గోల్పోయిన యాఁడుదానికిఁ గలిగిన దుఃఖమును దీసికొని, అల్లరి చేసిన మగపిల్లవానికిఁ దిట్టుగా నిచ్చితిమి. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము జరిపించినది 1881లో. నూటనలువదేండ్లు దాఁటినవి. వితంతువివాహమును గూర్చి యుపన్యసించి యింటికి వచ్చిన పెద్దమనిషి, చెప్పులు విడువకముందే ‘ఒరే వెధవా’ యని కొడుకును బిలుచుటను మేము చూచితిమి. మేమును బిలిచితిమి, దాఁచనేల! ఫ్రెంచివారు ఒక్కమాటలోఁ జేసిన పనిని మనము పదిమాటలతోఁ జేసితిమి. అభాగ్యునికిని నీచునికిని నడుమ గోడ మన భాషలోను లేదు.

అయినను ఈ మాటలేవియు గ్రంథనామమునకుఁ బనికిరావు. ఇవి యిప్పుడు తిట్లు మాత్రమే, జాలి యింకిపోయినది. ‘మిజరాబ్ల్’లో జాలియు, ఛీత్కారమును రెండును సజీవముగా నుండవలెను. దీనులు, అభాగ్యులు అన్నచో జాలి మాత్రము మిగులును. భ్రష్టులు, నీచులు అన్నచో రెండవది మాత్రము.

మేము తొమ్మిదవతరగతి పిల్లలకు రొట్టెదొంగ కథను జెప్పినప్పుడు, పేరును గూర్చి యడుగకముందే యొక బాలిక “పాపం సార్, ఆయన” అనెను. ఆ మాటను మేము పుట్టినది మొదలు వినుచున్నాము. ఆనాఁడు మాత్రము చెవికిఁ గ్రొత్తగాఁ దగిలెను. పాపమనఁగా దుష్కృత్యము. దొంగతనము పాపము. దొంగతనము చేసినవానిని జూచియుఁ బాపమందుము! ఒక్కమాటతో నేరమును, కరుణను బలుకుచున్నాము. రెండును నేఁటికిని జీవించియున్నవి, ప్రతియింట, ప్రతిదినము.

ఈ రెండవ యర్థ మెట్లు పుట్టినది? పూర్వజన్మమునఁ జేసికొన్న పాపఫలమును ఆ మనుష్యుఁ డనుభవించుచున్నాఁడని తలఁచి మనవారట్లు అనియుందురని యొకయూహ. అట్లయినచోఁ దప్పు బాధితునిదే. వానికట్టి బాధ కలిగించుట పాపమని యింకొకయూహ. అప్పుడు తప్పు చూచుచున్న మనది, లోకముది. మాట మాత్రము ఏదియుఁ దేల్చి చెప్పదు. ఎవరి పాపమో చెప్పకుండనే పాపమనును. మారియస్ కథలో హ్యూగో యడిగిన ప్రశ్న, మన యమ్మలు బిచ్చగత్తెకుఁ బిడికెఁడు బియ్యము వేయుచు ననుమాటలో నున్నదని మాకుఁ దోఁచినది.

ఇందును జిక్కు లేకపోలేదు. ‘పాపము’ మనుష్యునికిఁ బేరు కాదు. మనుష్యునికిఁ బేరు చేయఁబోయి ‘పాపులు’ అన్నచోఁ గరుణ పాఱిపోయి క్రైస్తవప్రసంగ మగును. ‘పాపం!’ అని యొక్కమాట గ్రంథముపై వేసినచో జపానువాని పేరువలె నిట్టూర్పగును గాని బహువచనము పోవును. గోడమీఁదఁ జూచినవాఁడు నరకములో నూనెకాఁగు పౌరాణికచిత్ర మనుకొన్నను ఆశ్చర్యము లేదు. కావున చిత్రమునకు ‘బీదలపాట్లు’ ఉండనిండు. నవలను సమగ్రముగాఁ దెలిఁగించు పూనిక గలవారు మాత్రము, మూఁడవ భాగమున నా ఘట్టమునకు వచ్చినప్పుడు బీదయను మాటతో దాఁటిపోవక, పాపము, పాపి యను జంటను బ్రక్కప్రక్కన నిలిపి చూడవలెనని మా మనవి.

ఆనాఁడు తరగతిలో ఆ బాలికను ఎవరి పాపమని యడిగితిమి. ఆమె జవాబు చెప్పకముందే వెనుకబల్లనుండి యొకఁడు “రొట్టె దొంగతనం జేసినోనిది” అనెను. ఇంకొకఁడు “పందొమ్మిదేండ్లు జైల్ల వెట్టినోళ్లది” అనెను. గంట కొట్టువఱకు తగవు తెగలేదు.