పెట్టె చిక్కింది సరే, బరువెక్కడికి పోయింది?

చుట్టాలు బస్టాండులో దిగారని కబురొచ్చాక హాలు సర్దడానికి మనకు పది నిమిషాలు చాలు. కుర్చీల మీది బట్టలు మంచం కిందికి వెళ్ళిపోతాయి. పిల్లల పుస్తకాలు బీరువా చాటుకు, సగం కుట్టిన జాకెట్లూ కత్తెరా పక్కగదిలోకి చేరతాయి. వచ్చినవాళ్ళు కాళ్ళు కడుక్కుని కూర్చుంటూ "అబ్బ, ఇల్లెంత పొందిగ్గా ఉంచుకున్నారండీ!" అంటారు. మనం ఓ నవ్వు నవ్వి కాఫీ పెట్టడానికి లోపలికి పోతాం. ఇంట్లో సామాను ఒక్కటీ తగ్గలేదని మనకు తెలుసు కదా!

వస్తువుల్ని నాజూకు చేశామని చెప్పుకునే కంపెనీల పనితనం తూచడానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు దొరకలేదు. ఫలానాది సన్నబడిందని ఎవరైనా కొత్త మోడల్ చూపిస్తే, నేను ముందుగా మంచం కిందికి వంగి చూస్తాను. ఈసారి అలా చూడబోయేది సోనీ కంపెనీ వారి ప్లేస్టేషన్ 2 అనే వీడియో గేముల పెట్టెని. ఇది ఇవాళ్టి వస్తువు కాదు లెండి, 2013 మొదట్లోనే తయారీ ఆపేశారు. కానీ 15 కోట్లకు పైగా అమ్ముడుపోయిన పెట్టె ఇది. టీవీకి తగిలించుకునే ఆటల యంత్రాల్లో ఇంతవరకు దీన్ని మించి అమ్ముడుపోయింది మరొకటి లేదు. పిల్లలున్న ఇంట్లో ఎక్కడో ఒకచోట మీరూ దీన్ని చూసే ఉంటారు. చూడకపోయినా, "వంట చల్లారిపోతోందిరా" అని మీరు పిలుస్తుంటే "ఈ ఒక్క ఆటా అవనీ అమ్మా" అన్న జవాబు మాత్రం విని ఉంటారు.

మొదట ఇది బక్కపలచటిదేం కాదు. 2000 మార్చిలో జపానులోనూ, ఆ అక్టోబరులో అమెరికాలోనూ బజారుకొచ్చినప్పుడు అడుగు పొడవు, మూడంగుళాల ఎత్తు, రెండు కిలోల పైచిలుకు బరువుతో నల్లగా, గంభీరంగా ఉండేది. రూపం దిద్దినాయన టెయ్యూ గోటో. నిలబెట్టవచ్చు, పడుకోబెట్టవచ్చు. టీవీ పక్కన ఉంటే పిల్లల ఆటవస్తువులా కాకుండా ఏదో ఆఫీసు నుంచి తెచ్చిన యంత్రంలా కనబడేది. పైగా అందులో డీవీడీ సినిమాలు కూడా వేసుకోవచ్చు. కాబట్టి ఆటలంటే గిట్టని నాన్నగారికి కూడా కొనడానికి ఓ సాకు దొరికేది. దాని ఒంటినిండా అడ్డంగా గాడులు, గాడి గాడికీ దుమ్ము. ఆ గీతలు గీసినవాళ్ళు జన్మలో ఒక్కసారైనా గుడ్డ పట్టుకుని దుమ్ము తుడిచి ఉంటారా అని నాకు అనుమానం. అయినా ఆ మొదటి రూపంలో ఒక హుందాతనం ఉంది, కాదనను.

2004 సెప్టెంబరులో దీనికి కొత్త రూపం ప్రకటించారు. పేరు మారలేదు. జనమే దానికి "స్లిమ్" అని ముద్దుపేరు పెట్టుకున్నారు. 7.8 సెంటీమీటర్ల మందం 2.8కి దిగింది. బరువు 900 గ్రాములకు వచ్చింది. మొత్తం పరిమాణం లెక్కేస్తే పాతదానిలో నాలుగోవంతు కూడా లేదు. ఒక లావుపాటి నిఘంటువును తీసుకెళ్ళి పలచటి వారపత్రిక చేతిలో పెట్టినట్టు! చూసినవాళ్ళంతా ముక్కున వేలేసుకున్నారంటే వేసుకోరూ మరి?

ఇందులో నిజమైన పనితనం కొంత ఉంది, అది ముందు చెప్పాలి. ఇలాంటి యంత్రంలో లెక్కలు చేసే చిప్పు ఒకటి, బొమ్మలు గీసే చిప్పు ఒకటి ఉంటాయి. తయారీ విద్య ఏడాదికేడాది మెరుగై ఆ చిప్పులు చిన్నవవుతూ వచ్చాయి, ఆఖరికి రెండూ కలిసి ఒకటైపోయాయి. చిప్పు చిన్నదైతే తాగే కరెంటు తగ్గుతుంది. కరెంటు తగ్గితే వేడి తగ్గుతుంది. వేడి తగ్గితే పెద్ద ఫ్యానూ, గాలాడటానికి వదిలిన ఖాళీ చోటూ అక్కర్లేదు. ఇలా తగ్గింది నిజమైన తగ్గుదల. తిండి మానకుండా, ఒళ్ళు వంచి పనిచేసి చిక్కినట్టన్నమాట.

ఇక మంచం కిందికి వద్దాం. పాత పెట్టెలో, గోడలో వచ్చే కరెంటును యంత్రానికి తగ్గట్టు మార్చే భాగం కూడా లోపలే ఉండేది. తీగ ఒక్కటి గోడకు పెడితే సరి. కొత్తదాంట్లో ఆ భాగాన్ని బయటికి గెంటేశారు. బట్టల సబ్బంత నల్లటి అడాప్టరు ఒకటి నేలమీదికి వచ్చి పడింది. దానికి అటో తీగ, ఇటో తీగ. ఆనాటి అడాప్టర్ల బరువు సుమారు 350 గ్రాములు. అంటే 900 గ్రాముల సుకుమారి అసలు బరువు కిలోంబావు! తూకం వేసేటప్పుడు సంచీ పక్కన పెట్టేసి, డబ్బిచ్చేటప్పుడు కలిపేసినట్టుంది వ్యవహారం. షెల్ఫు మీద అందం పెరిగితే పెరిగింది గాని, కింద చీపురుకు అడ్డం తగిలేది ఎవరికి? అక్కడితో ఆగలేదు. 2005 సెప్టెంబరులో, ఆ అడాప్టర్లలో కొన్ని మరీ వేడెక్కుతున్నాయని తేలి, సుమారు 35 లక్షల అడాప్టర్లను సోనీ వారే వెనక్కి తీసుకుని వేరేవి ఇవ్వాల్సివచ్చింది. పెట్టెలో తగ్గిందనుకున్న వేడి కొంత ఎక్కడ కాపురం పెట్టిందో చూశారూ?

ఇంకో సంగతి. పాతదాంట్లో డిస్కు పెట్టడానికి ముందునుంచి సొరుగులాంటి ట్రే బయటికొచ్చేది. సన్నదాంట్లో దానికి చోటు లేక, పైన మూత పెట్టారు. మూత పైకి తెరుచుకోవాలంటే పైన జానెడు ఖాళీ ఉండాలి. మూడంగుళాల పెట్టె టీవీ స్టాండు అరలో హాయిగా ఇమిడేది. అంగుళం పెట్టెకు అంతకంటే ఎత్తైన అర కావాలి! దీన్ని సన్నబడటమనాలో ఇంకేమనాలో మీరే చెప్పండి.

ఇవన్నీ చిన్న చిన్న చిరాకులు, సర్దుకుపోవచ్చు. నాకు నిజంగా మనసొప్పనిది మరొకటి ఉంది.

పాత పెట్టె వెనకభాగంలో ఖాళీ అర ఒకటి ఉండేది. ముందుముందు ఏదైనా తగిలించుకోవడానికి వదిలిన చోటది. ఇల్లు కట్టేటప్పుడు పైన మేడ వేసుకోవచ్చని స్తంభాల ఊచలు కోయకుండా వదుల్తారే, అలాంటిది. ఆ అరలో హార్డ్ డిస్కు పెట్టుకోవచ్చు. 2002లో జపానులో ఫైనల్ ఫాంటసీ 11 అనే ఆట వచ్చింది. ఇంటర్నెట్టు ద్వారా వేలమంది ఒకే ఊహాలోకంలో కలుసుకుని, జట్లుకట్టి, నెలనెలా చందా కట్టి ఆడే ఆట అది. ప్లేస్టేషన్ 2లో అది ఆడాలంటే హార్డ్ డిస్కు ఉండి తీరాలి. 2004 మార్చిలో అమెరికాలో ఆ ఆటనూ, 40 గిగాబైట్ల డిస్కునూ కలిపి 99 డాలర్లకు అమ్మారు. నమ్మి కొన్నవాళ్ళు కొన్నారు. ఆ ఏడాది నవంబరుకల్లా సన్నపెట్టె అమెరికా దుకాణాల్లోకి వచ్చింది. అందులో ఆ అర లేదు!

ఎనిమిది నెలలండీ! పట్టుచీర కొన్న ఎనిమిది నెలలకు ఆ రంగు జాకెట్టుగుడ్డే దొరక్కపోతే మనం ఆ కొట్టు మళ్ళీ ఎక్కుతామా? ఉన్న పాత పెట్టె పనిచేసినన్నాళ్ళూ ఫరవాలేదు. అది పాడైందంటే, కొత్తది తెచ్చుకుని లాభం లేదు. ఇలాంటి ఆటలో మనిషి ఏళ్ళ తరబడి ఒక పాత్రను పెంచుకుంటాడు, దాని చుట్టూ స్నేహాలు ఏర్పడతాయి. మనకిది పిల్లకాయల వ్యవహారంలా కనబడొచ్చు. వారంవారం సీరియల్లో కథానాయికకు కష్టం వస్తే ఇరుగుపొరుగు కూడి మాట్లాడుకున్న మనం ఆ ప్రేమను తక్కువ చేయకూడదు. ఆ ఆట ప్లేస్టేషన్ 2లో 2016 మార్చి దాకా నడిచింది. పెట్టె తయారీ ఆగిన తర్వాత కూడా మూడేళ్ళన్నమాట! అన్నాళ్ళూ ఆ ఆటగాళ్ళకు పనికొచ్చింది ఆ పాత లావుపాటి పెట్టే.

అర వాడుకున్నవాళ్ళు తక్కువమంది, నిజమే. అంతకుముందు విడిగా కొనుక్కోవలసిన ఇంటర్నెట్ అమరికను సన్నపెట్టెలో ముందే బిగించి ఇచ్చారు, అదీ నిజమే. ఆ తక్కువమంది కోసం అందరి నెత్తినా బరువెందుకు పెట్టాలి అనే వాదనలోనూ న్యాయం ఉంది. కాని పెట్టె మీద పేరు అదే, పక్కన "2" అంకె అదే, 149 డాలర్ల ధరా అదే. ఒక పని చేయలేని వస్తువుకు, ఆ పని చేసే వస్తువు పేరే పెట్టి పక్కన కూర్చోబెడితే, కొనే తల్లి పోల్చుకునేదెలా? కంపెనీవాళ్ళు లోపల పెట్టుకునే మోడల్ నంబరు చూసి కొనమంటారా? తగ్గిన సెంటీమీటర్లు కంటికి కనిపిస్తాయి. తగ్గిన అర కనబడదు. నా దృష్టిలో ఈ రూపకల్పనలో అసలు లోపం అదీ.

ఈ అలవాటు ఇప్పటికీ పోలేదు సుమండీ. 2023 నవంబరులో ప్లేస్టేషన్ 5కు కూడా సన్నని రూపం వచ్చింది. మొదటిదాంతో పాటు ఊరికే ఇచ్చిన నిలబెట్టే స్టాండును ఇప్పుడు విడిగా దాదాపు 30 డాలర్లు పెట్టి కొనుక్కోవాలి.

చిక్కినందువల్ల లాభపడినవాళ్ళూ లేకపోలేదు. పెట్టె చిన్నదైతే ఓడలో ఎక్కువ పడతాయి, తయారీ ఖర్చు తగ్గుతుంది, ధర దిగుతుంది. ఓడంటే గుర్తొచ్చింది. 2004 నవంబరులో సూయజ్ కాలువలో ఒక చమురు ఓడ అడ్డం తిరిగి ఇరుక్కుపోయింది. చైనా నుంచి బ్రిటనుకు సన్నపెట్టెలు తెస్తున్న ఓడ వెనకాల ఆగిపోయింది. క్రిస్మసు ముంచుకొస్తోంది, కొట్లలో సరుకు లేదు. ఆఖరికి సోనీ వారు రష్యా సరుకు విమానాలు అద్దెకు తీసుకుని వాటిని ఎగరేసుకొచ్చారు. ఎంత సన్నబడితే ఏం లాభం, ముందున్నవాడు లావుగా ఉంటే!

ధర దిగబట్టే ఈ పెట్టె అన్నేళ్ళు బతికింది. బతకబట్టే మన హైదరాబాదుకు కూడా ఇందులో ఓ వాటా దక్కింది. ప్లేస్టేషన్ 3 వచ్చి రెండేళ్ళు దాటిన తర్వాత, 2009లో, ఈ పాత యంత్రం కోసం హైదరాబాదులో రెండు ఆటలు తయారయ్యాయి. ఆరోనా టెక్నాలజీస్ వారిది "హనుమాన్: బాయ్ వారియర్". గేమ్‌శాస్త్ర వారిది "దేశీ అడ్డా". రెండోదాంట్లో గాలిపటాలూ, బిళ్ళంగోడూ ఉన్నాయి. వీధిలో ఊరికే దొరికే బిళ్ళంగోడును డిస్కులో కొనుక్కోవడం చోద్యమే గాని, అపార్టుమెంట్ల పిల్లలకు వీధేదీ? హనుమంతుడి ఆట గొప్పగా కుదరలేదు, సమీక్షకులు పెదవి విరిచారు. దేవుణ్ణి బటన్లతో ఆడించడమేమిటని అమెరికాలో కొందరు హిందూ ప్రతినిధులు అభ్యంతరం కూడా చెప్పారు. తోలుబొమ్మలాటలో పుల్లకు కట్టి హనుమంతుణ్ణి తెల్లవార్లూ ఎగిరించిన వాళ్ళం మనం. ఆడించడంలో తప్పు నాకు కనబడదు. బాగా ఆడించకపోవడమే తప్పు. ఏదేమైనా కొత్త ఖరీదైన యంత్రానికైతే మనవాళ్ళు ఆ తొలి అడుగు వేయగలిగేవారా అన్నది సందేహమే.

పొగడవలసినదాన్ని కూడా పొగిడి ముగిస్తాను. 2007లో వచ్చిన ఒక మోడల్లో పెట్టె బరువును 600 గ్రాములకు, అడాప్టరు బరువును 250కి దించారు. ఆ నవంబరులో జపానులో వచ్చిన తర్వాతి మోడల్లో బయటికి గెంటేసిన ఆ కరెంటు భాగాన్ని మళ్ళీ లోపలికే తెచ్చుకున్నారు. అంతా కలిపి 720 గ్రాములు. కిలోంబావు నుంచి 850కి, అక్కణ్ణుంచి 720కి! నేలమీద అడాప్టరు లేదు, గోడ దాకా ఒకే తీగ. 2004లో అంత హడావుడి జరిగింది గాని, నన్నడిగితే ఈ పెట్టె నిజంగా చిక్కింది ఇదిగో, ఇప్పుడు. మూత మాత్రం చివరిదాకా పైకే తెరుచుకుంది. అల్లిన లేసుగుడ్డ ఏదైనా దానిమీద పరుద్దామంటే కుదరదు.